మూడు రంగుల గుండీలు

మా పెదనాన్న దగ్గర అద్దం కోయించుకోవడానికి వెళ్ళినవాడు ఒక లెక్క చెయ్యకుండా బయటపడటం కష్టం. కోతలో మిగిలిన గాజు ముక్క మీద రంగు పెన్నుతో ఏదో ఒక చిక్కు లెక్క రాసి గల్లాపెట్టె పక్కన నిలబెట్టేవాడు. అద్దం అంచులు నున్నగా అరగదీసేదాకా వచ్చినవాళ్ళు ఎలాగూ ఆగాలి. ఆ కాసేపూ వాళ్ళ బుర్రలు కూడా అరగదీసేవాడు. జవాబు మాత్రం చచ్చినా చెప్పేవాడు కాదు. మరీ బతిమాలితే ఒక దారి చూపేవాడు, అంతే. తప్పు జవాబు చెవిన పడితే ఊరుకోలేకపోయేవాడు. విసుక్కుని వీధి చివర దుకాణానికి పోయినవాళ్ళూ ఉన్నారు. ఆయన దులిపేసుకున్నాడు.

నేను కాలేజీలో చేరిన కొత్తల్లో నన్నూ వదల్లేదు.

"ముప్పై రెండు జట్లు పోటీకి వచ్చాయి. ఓడిన జట్టు ఇంటికి పోవాలి. చివరికి ఒక్క జట్టే మిగలాలంటే ఎన్ని ఆటలు ఆడాలి?" అన్నాడు.

నేను పదహారు, ఎనిమిది, నాలుగు అంటూ కూడుకుంటూ పోయి ముప్పై ఒకటి అన్నాను. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"జవాబు సరే. ముప్పై ఏడు జట్లు వస్తే ఏం చేస్తావే?"

సగం చేస్తే ఒక జట్టు మిగిలిపోతోంది.

"అందరూ గెలిచినవాళ్ళ వెంటే పడతారు. నువ్వు ఓడినవాళ్ళని లెక్కపెట్టు. ఒక్కో ఆటకి ఒక్కళ్ళే ఇంటికి పోతారు కదా" అన్నాడు.

ముప్పై ఆరు. ఇంత సులువా అని నామీద నాకే కోపం వచ్చింది. ఆ తర్వాత ఉద్యోగంలో, సంసారంలో, ఒక వైపు నుంచి లొంగని ఎన్ని చిక్కుల్ని ఆయన పుణ్యాన రెండో వైపు నుంచి విప్పుకున్నానో చెప్పలేను. ఆయన చేతి పనీ అలాగే ఉండేది. పెద్ద గాజు పలక బల్ల మీద పరిచి, కోత కలం ముట్టుకోకుండా చాలాసేపు ఊరికే చూసేవాడు. అన్నిటికన్నా పెద్ద ముక్క ఎక్కడ పడుతుందో ముందు తేల్చుకుని, చిన్నవాటిని మిగిలిన చోట్లలో సర్దేవాడు. చూసేవాళ్ళకి బద్ధకంలా కనిపించేది. ఆయన దుకాణంలో వృథా అయ్యే గాజు మాత్రం పిసరంత.

దుకాణం వెనక గదిలో మా పెద్దమ్మ కుట్టుమిషన్ ఉండేది. పెదనాన్న లెక్కలు ఆ గదిలోకి వెళ్ళేవి గానీ జవాబులు బయటికొచ్చేవి కావు. "నన్నొదిలెయ్యండి, కుట్టు వంకర పోతుంది" అనేది పెద్దమ్మ. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ ఒక్క జవాబూ చెప్పలేదు, ఈయన అడగడమూ మానలేదు.

అలాంటి మనిషి ఒక పొద్దున దుకాణం తలుపు తీస్తూ కుప్పకూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది.

ఆసుపత్రిలో మాటలు మళ్ళీ నేర్పే వార్డు ఒకటుంది. మంచాలు తక్కువ. మనం చెప్పేది అర్థమవుతోందని తేలితేనే చేర్చుకుంటారు. లేదంటే ఇంటికి పంపేస్తారు, ఇక అలా మంచం మీదే. అది తేల్చడానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. మంచి మనిషి, ఓపికగా అడిగింది.

"తాతగారూ, రెండూ మూడూ కలిపితే ఎంత? ఎడం చేతి వేళ్ళతో చూపించండి."

పెదనాన్న గోడవైపు తిరిగాడు.

"పోనీ, ఇవి ఎన్ని వేళ్ళు?"

గోడనే చూస్తున్నాడు. డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. ఈయనకి నిజంగానే అర్థం కావడం లేదా, లేక పంతమా? పంతమైతే ఇదా సమయం అని ఒళ్ళు మండింది కూడా.

మంచం పక్కన నిలబడ్డ పెద్దమ్మ కలగజేసుకుంది.

"డాక్టరమ్మా, ఒంట్లో బాగున్నప్పుడు కూడా ఈయన ఇలాంటి లెక్కలకి పలికేవారు కాదు. నేనొకటి అడగనా?"

ఆవిడ సరేనంది. పెద్దమ్మ ముందుకు వంగింది.

"ఏమండీ, నా డబ్బాలో గుండీలు బోలెడున్నాయి. తెల్లవి, నల్లవి, ఎర్రవి, అన్నీ కలిసిపోయాయి. కళ్ళు మూసుకుని తీస్తున్నాను. ఒకే రంగువి రెండు తప్పకుండా రావాలంటే ఎన్ని తియ్యాలి?"

ఆయన ఇటు తిరక్కపోయేసరికి పెద్దమ్మ నిట్టూర్చింది. డాక్టరమ్మతో, "మూడు తీస్తే చాలమ్మా. ఉన్నవి మూడు రంగులే కదా" అంది.

దిండు మీద తల మెల్లగా ఇటు తిరిగింది. కిటికీ కొలత తప్పు తెచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు పెద్దమ్మని. ఎడం చెయ్యి దుప్పటిలోంచి పైకి లేచింది. బొటనవేలు మడిచి, నాలుగు వేళ్ళు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నాలుగు రంగులుంటే?"

చెయ్యి మొత్తం తెరుచుకుంది. అయిదు.

"రెండే ఉంటే?"

మూడు వేళ్ళు.

"సోమవారం నుంచి మా వార్డులో ఉంటారు" అని ఆవిడ నవ్వుతూ లేచింది. నాకు ఏడుపాగలేదు. అంత పెద్ద దెబ్బ తగిలినా ఆ బుర్ర చెక్కు చెదరలేదు. తప్పు జవాబుని ఊరికే వదలని ఆ పాడు గుణం కూడా అలాగే ఉంది. ఆ గుణానికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

వరండాలోకి వచ్చాక పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. "భలే ఎత్తు వేశావు పెద్దమ్మా. కావాలనే తప్పు చెప్పావు కదూ?"

"ఎత్తూ లేదు, పాడూ లేదు. గుండీలు ఏరుతుంటే ఎప్పుడో తోచింది. అడిగితే నవ్వుతారని ఇన్నాళ్ళూ అడగలేదు. నేను మూడే అనుకున్నానే."

"నాలుగెందుకంటే..." అని నేను మొదలుపెట్టాను.

పెద్దమ్మ నా నోరు మూసింది.

"నువ్వు చెప్పకు. ఆయనకి మాట వచ్చాక ఆయనే చెప్తారు."