ముట్టుకున్నవన్నీ రాసే నోటుబుక్కు

కంప్యూటరు పెట్టె వేడెక్కితే లోపలి సన్నని దుమ్ము వెచ్చబడి ఒక వాసన వస్తుంది. మొన్న మంగళవారం పొద్దున పదింటికి మా మనుమరాలు శ్రావణి గదిలోకి వెళ్లగానే ఆ వాసన తగిలింది. ఎదురుగా మానిటర్ తెర రెపరెపలాడుతోంది. హనుమకొండలో నేను పనిచేసిన ఆడపిల్లల కాలేజీ ఫిజిక్స్ ల్యాబు, అందులో నా పక్కన నిలబడ్డ గ్రేసమ్మ మేడం ఒక్కసారిగా గుర్తొచ్చారు.

శ్రావణి ఆర్కిటెక్చర్ చదువుతోంది. రామప్ప గుడి మండపాన్ని కంప్యూటర్లో స్తంభం తర్వాత స్తంభంగా నిలబెడుతోంది. గురువారం కాలేజీలో చూపించాలి. పాత గ్రాఫిక్స్ కార్డుతో ఆ బొమ్మను తిప్పితే కంప్యూటరు ఆగిపోతోందని శనివారం కొత్తది బిగించుకుంది.

"కార్డే ఖరాబున్నది అమ్మమ్మా. దుకాణపాయనతోని రెండు రోజులసంది లొల్లి పెడుతున్న. ఇయ్యాల వాపసిచ్చి వస్త."

"వాపసిస్తే గురువారం ఎట్ల?"

"ఏమో. సగం గుడే చూపిస్త."

"ఆగు. జర లెక్క పెట్టనియ్యి."

"ఏం లెక్క పెడ్తవ్? అవి బతుకమ్మ పూలా?"

గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను. పది నిమిషాల్లో పద్నాలుగుసార్లు తెర కొట్టుకుంది. అలా లెక్కపెట్టడం నాకు నేర్పింది గ్రేసమ్మ మేడమే.

ఆవిడ మా ల్యాబుకు ఇన్‌చార్జి. పొట్టి మనిషి, ఎప్పుడూ నూలు చీర, చెవి వెనక ఒక పెన్సిల్. ఏది చెడినా ముందు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చునేవారు. ఎన్నిసార్లు చెడుతోంది, ఎప్పటి నుంచి చెడుతోంది అన్నవి తేలేదాకా స్క్రూడ్రైవర్ ముట్టనిచ్చేవారు కాదు. నేను అక్కడ తాత్కాలికంగా చేరిన అటెండరును. ఊడ్చడం, తుడవడం, తాళాలు నా పని. మా ఇల్లు నా జీతం మీదే నడిచేది.

చేరిన ఏడాదే, ప్రాక్టికల్ పరీక్షకు ముందు రోజు ఆసిలోస్కోపు చెడింది. దాని గుండ్రటి తెర మీద పచ్చటి గీత తిన్నగా నిలవాలి. అది పాములా మెలికలు తిరుగుతోంది. లెక్చరర్ సారు కంగారుగా తీగలన్నీ పీకుతుంటే మేడం ఆపారు.

"పీకినయన్నీ మళ్ల పెట్టున్రి సార్. ఒక్కసారికి ఒక్కటే మారుద్దాం." తర్వాత నా వైపు తిరిగారు. "సరోజనా, పొద్దున ఏమన్న ముట్టినవా?"

"నేనేం ముట్టలే మేడం."

అబద్ధం. ముట్టానని చెబితే పని పోతుందని భయం. మేడం రెట్టించలేదు. ఒక కొత్త నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. "తాళం తీసినకాన్నుంచి ఏమేం ముట్టినవో వరుసగ రాయి. చీపురు సుత రాయి."

రాశాను. చీపురు, బకెట్, కిటికీ రెక్క. ఎనిమిది వరుసలు సాఫీగా సాగాయి. తొమ్మిదో వరుస దగ్గర చెయ్యి ఆగింది. నేల తుడవడానికి బరువైన స్టెబిలైజర్‌ను ఎత్తి, అందంగా ఉంటుందని ఆసిలోస్కోపు పక్కనే పెట్టాను. చాలాసేపటికి అదీ రాశాను.

మేడం చదివారు. స్టెబిలైజర్‌ను తానే మోసుకెళ్లి దూరంగా పెట్టారు. స్టెబిలైజర్‌లోని అయస్కాంతశక్తి తగలకపోయేసరికి పచ్చగీత తిన్నగా నిలిచింది. సారుతో "పెట్టిన జాగ మంచిగ లేదు సార్, గంతే" అన్నారు. ఎవరు పెట్టారో చెప్పలేదు. చెవి వెనక పెన్సిల్ తీసి తొమ్మిదో వరుస పక్కన చిన్న టిక్కు పెట్టారు.

సారు వెళ్లాక అడిగారు. "మొదలు అట్లెందుకన్నవ్?"

"పని పోతదని మేడం."

"పోకుండ చూసెటందుకు నేనున్న గద. నువ్వు దాస్తే నాకు తొవ్వ దొరకదు."

ఆ పని పోలేదు. ఇరవై తొమ్మిదేళ్లు అక్కడే చేసి ల్యాబ్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. మేడం కాలం చేసి చాలా ఏళ్లయింది. ముట్టుకున్నవి రాసుకునే అలవాటు మాత్రం పోలేదు.

మొన్న కూడా నా నోటుబుక్కు తెచ్చి చూశాను. శనివారం పదకొండింటికి శ్రావణి కార్డు బిగించింది. పడుకునేదాకా తెర బాగుంది. ఆదివారం మధ్యాహ్నం రెపరెప మొదలు. ఆ మధ్యలో నోటుబుక్కులో ఉన్నది ఒకే ఒక్క వరుస: "ఆదివారం ఉదయం ఎనిమిది. కంప్యూటరు బల్ల తుడిచాను. పెట్టెను గోడవైపు జరిపాను."

శ్రావణి అప్పటికే కార్డు అట్టపెట్టె వెతుకుతోంది. నేను చప్పుడు చేయకుండా కంప్యూటరు పెట్టెను ఇవతలికి లాగితే ఎవరికీ తెలిసేది కాదు. ఈ వయసులో కూడా ఆ ఆలోచన వచ్చింది, రాలేదనను.

"శ్రావణీ, కార్డు మంచిగనే ఉన్నట్టున్నది. పెట్టెను నేనే జరిపిన."

పెట్టెను లాగి చూశాం. కార్డుకు తగిలించిన మానిటర్ కేబుల్ గోడకు ఒత్తుకుని, కొస సగం బయటికి వచ్చి ఉంది. శ్రావణి దాన్ని గట్టిగా నొక్కింది. మళ్లీ పది నిమిషాలు లెక్కపెట్టాను. ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

"రెండు రోజులు ఆ దుకాణం అన్నను ఉత్తగనే తిట్టిన గదనే అమ్మమ్మా."

"ఫోన్ చేసి చెప్పు. మా అమ్మమ్మ జరిపిందని చెప్పు."

"నీ పేరెందుకు? కేబుల్ వదులైందని చెప్త."

"నా పేరే చెప్పు."

ఆ పిల్ల నవ్వుతూ ఫోన్ కలిపింది. తెర మీద రామప్ప స్తంభాలు కదలకుండా నిలబడ్డాయి. నేను ఆ రోజు వరుస రాసి, పక్కన పెన్సిల్ టిక్కు పట్టేంత చోటు వదిలాను. ఇన్నేళ్లుగా ప్రతి పేజీలో ఆ చోటు వదులుతూనే ఉన్నాను.