ఎడమ కాలికి పని

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, మా ఆయన ఎడమ మోకాలిని ఎవరో బాగా వాడేశారన్నాడు. ఎవరో ఏమిటి, ఆయనే వాడాడు. ముప్పై ఏళ్లకు పైగా ఒకే లారీ, ఒకే క్లచ్చు. కుడి మోకాలు మాత్రం పెళ్లినాడు ఎలా ఉందో అలాగే ఉందట. ఇక మీదట క్లచ్చు తొక్కడం తగ్గించకపోతే బండి నడపడమే మానేయాల్సి వస్తుందని డాక్టరు హిందీలో నిదానంగా చెప్పాడు. మా ఆయన శ్రద్ధగా విని, తల ఊపి, బయటికొచ్చి, లారీ ఎక్కి క్లచ్చు తొక్కాడు.

మూతి ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ అది. అలాంటిది రోడ్డు మీద కనబడితే ఇప్పుడు జనం ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. మా అత్తవారిది కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చిన కుటుంబం. అక్కడి లింబాయత్ పేటలో ఇంటిల్లిపాదీ పవర్‌లూమ్‌ల ముందు నిలబడితే, ఈయన ఒక్కడూ ఆ మగ్గాలు నేసిన గుడ్డను రంగుల మిల్లులకు చేరవేస్తానని లారీ ఎక్కాడు. నేను ఇక్కడి తెలుగు మీడియం బడిలో టీచర్ని. నలభైమంది పిల్లలకు ఒత్తులు దిద్దించే ఓపిక నాకుంది గానీ, ఈయనకు ఒక్క మాట ఎక్కించే ఓపిక ఎన్నడూ లేదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం చేతకాదు.

బండి మానేయడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. సెలవు దొరికి ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాడంటే ఈయన ఫ్యాను రెక్కల్ని మూడుసార్లు తుడుస్తాడు. తర్వాత నేను సర్దిన డబ్బాలన్నీ దించి మళ్లీ సర్దుతాడు. బతికినంత కాలం ఇలా ఇంట్లో ఉంటే మనిషి ఏమైపోతాడోనని నాకు నిజంగా భయమేసింది. అందుకే ఎలక్ట్రిక్ బండి ఆలోచన చేశాను. చిన్న సరుకుల బండి. క్లచ్చు లేదు, గేర్లు లేవు. మోకాలూ బాగుంటుంది, మనిషీ బాగుంటాడు.

దీనికి అడ్డం వచ్చింది డుమస్.

ప్రతి ఆదివారం సాయంత్రం, సూరత్ జనం సముద్రం చూడ్డానికి వెళ్లే డుమస్ రోడ్డు పక్కన ఖాళీ జాగాలో పాత లారీల ప్రేమికుల సభ జరిగేది. సభ్యులు ముగ్గురు. ఒకరు మా ఆయన. రెండో ఆయన మెకానిక్ కాకా, గుజరాతీ పెద్దమనిషి. ఆయన లారీకి ఇంజను లేదు. పదేళ్ల కిందట విప్పాడు, ఇంకా బాగుచేస్తూనే ఉన్నాడు. అందుకని ప్రతి ఆదివారం మా ఆయన తన లారీకి తాడు కట్టి కాకా లారీని డుమస్ దాకా లాక్కుపోయి, చీకటి పడేలోగా మళ్లీ లాక్కొచ్చేవాడు. మూడో ఆయన ఇచ్ఛాపూర్‌లో ఉండే ఇంజనీరు గారు. గోదావరి వైపు మనిషి, హజీరాలో పెద్ద ఫ్యాక్టరీలో మేనేజరు. ఆయన లారీలో ఇంతవరకు ఒక్క సంచీ సరుకు ఎక్కలేదు. బానెట్ సందుల్ని చెవుల్లో పెట్టుకునే దూదిపుల్లలతో తుడుస్తాడు. ముగ్గురూ కుర్చీలు వేసుకుని, టమాటా భజియాలు తింటూ, మూడు లారీల వైపు తిరిగి కూర్చుని వాటిని చూసేవాళ్లు. సముద్రం వాళ్ల వీపు వెనక ఉండేది.

అక్కడ బ్యాటరీ బండి మాటెత్తితే ముగ్గురూ ఒంటికాలి మీద లేచేవాళ్లు.

"అదేం బండే? సప్పుడు లేదు, పొగ లేదు. చార్జింగు వెట్టిన ఇస్త్రీపెట్టె," అనేవాడు మా ఆయన.

ఇంజనీరు గారు రోజూ ఆఫీసుకు వెళ్లేది ఎలక్ట్రిక్ కారులోనే. ఆ మాటే అడిగాను.

"కారుకి ప్రాణం ఉండదు కదండీ టీచర్ గారూ," అన్నారాయన. "దాన్ని దేంతో నడిపినా పర్లేదండి. లారీ అలా కాదు."

కాకా అయితే ఒకరోజు ముగ్గురిచేతా డీజిల్ ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాడు. ప్రాణం పోయినా బ్యాటరీ బండి ముట్టకూడదని. ఆ ట్యాంకు కాకాదే, ఇంజను లేని లారీది.

రెండు నెలలపాటు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పొద్దున టిఫిను దగ్గర మోకాలు, రాత్రి అన్నం దగ్గర మోకాలు. ఆయన వినీ విననట్టు ఉండేవాడు. ఒక సోమవారం మాత్రం బండి దగ్గరికి వెళ్లినవాడు కాసేపటికే తిరిగొచ్చాడు. మిల్లు బందున్నదన్నాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "పా, గా ఇస్త్రీపెట్టెను సూసొద్దాం," అన్నాడు. నా నోటికి ఇంత బలం ఉందా అని నేనే ఆశ్చర్యపోయాను. షోరూములో మనిషి బండి గొప్పలన్నీ అరగంట చెప్పాడు. అంతా విని మా ఆయన అడిగింది ఒకే ప్రశ్న, దీనికి నిజంగానే క్లచ్చు లేదా అని. లేదని చెప్పినా నమ్మకుండా వంగి చూసుకున్నాడు. ఆ వారంలోనే బండి ఇంటికొచ్చింది. పెళ్లాం మాట వినేలా మొగుణ్ణి ఎలా ఒప్పించాలో బడిలో టీచర్లందరికీ పాఠం చెప్పాను.

షోరూము నుంచి ఇంటికి వచ్చేలోపు నా తల ముందు అద్దానికి ఆరుసార్లు తగిలింది. సిగ్నల్ దగ్గరికి రాగానే ఆయన ఎడమ కాలు క్లచ్చు కోసం వెళ్లేది. అక్కడ క్లచ్చు లేదు, పక్కనే బ్రేకు ఉంది. బండి ఉన్నపళంగా ఆగేది. వెనకున్న షేర్ ఆటోవాళ్లు హిందీలో, గుజరాతీలో మా వంశాన్ని తలచుకున్నారు. నాలుగు రోజుల్లో కాలికి బ్రేకు జోలికి పోకూడదన్న సంగతి అర్థమైంది. మగ్గాల సందుల్లో మరో తంటా వచ్చింది. పాత లారీ వస్తే నేల అదిరి అందరికీ తెలిసేది. ఇది వచ్చి గుమ్మం ముందు నిలబడ్డా ఎవరూ చూసేవాళ్లు కాదు. మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, బండి వచ్చిందని తనే అరిచేవాడు. అయినా పని సాగిపోతోంది కదా అని నేను సంతోషించాను.

నెల తిరిగేసరికి మోకాలు వాచి కొబ్బరికాయంత అయింది.

డాక్టరుకు ఏమీ పాలుపోలేదు. క్లచ్చు లేని బండి నడిపేవాడికి ఈ వాపేమిటని ఎక్స్‌రేను తిరగేసి కూడా చూశాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఈయన ఎవరికీ తెలియకుండా వేరే బండి నడుపుతున్నాడేమో కనిపెట్టమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే వెళ్లి పాత లారీ చక్రాల చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాను. వారం రోజులు పొద్దునా సాయంత్రం వెళ్లి చూశాను. లారీ గీత దాటలేదు. వీధిలోవాళ్లు మాత్రం టీచరమ్మ లారీకి ముగ్గులు వేస్తోందని చెప్పుకున్నారు.

అప్పుడు ఒకరోజు సెలవు పెట్టి పొద్దుటి నుంచి ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. మొదటి మలుపులోనే తెలిసిపోయింది. ఎడమ కాలు లేస్తోంది, శక్తికొద్దీ నేలను తొక్కుతోంది, వెనక్కి వస్తోంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగుసార్లు తొక్కింది. కాలి కింద మ్యాటుకు చిల్లు పడి రేకు కనిపిస్తోంది.

"ఎందుకట్ల తొక్కుతున్నవ్?" అన్నాను.

"నేనేడ తొక్కుతున్న? కాలు తొక్కుతుంది."

"ఆ కాలు ఎవరిది?"

"నాదే. గానీ నన్ను అడుగుతలేదు."

నా వైద్యం మొదలుపెట్టాను. నా పాత చీర కొంగు చింపి ఆయన కాలిని సీటుకు కట్టాను. రెండో రోజుకు సీటు కదిలిపోయింది. కాలు మడిచి సక్లముక్లం కూర్చుని నడపమన్నాను. తిమ్మిరెక్కి, దిగేటప్పుడు ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సి వచ్చింది. చివరికి కాలు పడే చోట గిన్నె నిండా నీళ్లు పెట్టాను. తొణకకుండా సాయంత్రం ఇంటికి తెమ్మన్నాను. ఆయన ప్యాంటు మోకాలి దాకా తడుపుకుని, ఖాళీ గిన్నెతో వచ్చాడు. తలప్రాణం తోకకొచ్చి, ఇక గత్యంతరం లేక కాకా షెడ్డుకు వెళ్లాను.

ఒట్టు తప్పిన మనిషి కోసం వచ్చానని కాకా మొదట మొహం తిప్పుకున్నాడు. గిన్నె సంగతి చెప్పేసరికి పనిముట్లు కింద పెట్టి పూర్తిగా విన్నాడు. చాలాసేపు గడ్డం గోక్కుని, ఇందులో ఆ కాలి తప్పేమీ లేదన్నాడు. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషిని ఉన్నట్టుండి పనిలోంచి తీసేస్తే ఏం చేస్తాడు, రోజూ పొద్దున్నే వచ్చి గేటు తన్నుతాడు, దానికీ ఏదో ఒక పని ఇవ్వాలని గుజరాతీ కలిసిన హిందీలో తేల్చి చెప్పాడు.

మర్నాడు కాకా కొత్త బండిలో, బ్రేకుకు దూరంగా ఎడమవైపున, ఒక పెడల్ బిగించాడు. దాని కింద మెత్తటి స్ప్రింగు పెట్టాడు. దాన్ని దేనికీ కలపలేదు. తొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది, అంతే. మూడు వారాల్లో వాపు పోయింది. డాక్టరు మోకాలు నొక్కి చూసి, క్లచ్చు లేని బండి ఎంత మంచిదో చూశారా అని నాకేసి గర్వంగా చూశాడు. నేను ఫీజు కట్టి వచ్చేశాను.

అక్కడితో ఆగితే ఆయన మా ఆయన ఎలా అవుతాడు? పది రోజులకు గేరు రాడ్డు కూడా కావాలన్నాడు. కాకా అదీ పెట్టాడు. అదీ దేనికీ కలవదు. బండికి సంబంధం లేకుండా ఆయన గేర్లు మార్చుకుంటూ తిరిగేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇయ్యాల ఫ్లైఓవర్ మూడో గేర్లనే ఎక్కిందే," అని మురిసిపోయేవాడు. లోడు తక్కువున్నదేమోనని నేనూ అనేదాన్ని.

బండి కొన్నాక మోకాలి గొడవలో ఆగిపోయిన డుమస్ సభకు ఆ తర్వాతి ఆదివారం నేనూ ఆయనతో వెళ్లాను, ఎలక్ట్రిక్ బండిలోనే. పాత లారీ రాలేదు కాబట్టి దాని వెనక రావాల్సిన కాకా లారీ కూడా రాలేదు. కాకా ఆటోలో వచ్చాడు. పాత లారీల సభలో ఒక్క ఇంజనీరు గారి లారీయే మెరుస్తూ నిలబడి ఉంది. ఆయన మొహం గంటు పెట్టుకుని ఉన్నారు.

"ఒట్టేమైందండీ?" అన్నారు.

ఆ ట్యాంకులో పదేళ్లుగా చుక్క డీజిల్ లేదు, కనుక ఒట్టు చెల్లదని కాకా తీర్పు చెప్పాడు. ఇంజనీరు గారు దాన్ని ఒప్పుకోలేదు. కానీ ఆయన కన్ను అప్పటికే ఆ పెడల్ మీద పడింది. ఫోను లైటు వేసుకుని తల కిందికి పెట్టి చూశారు.

"ఇది దేనికీ వెళ్లట్లేదండీ."

"అవు సార్," అన్నాడు మా ఆయన.

"మరెందుకండీ?"

"తొక్కనీకి."

ఇంజనీరు గారు బండి ఎక్కి ఆ ఖాళీ జాగాలో ఒక చుట్టు తిరిగారు. ఒకటన్నది ఏడు చుట్లయ్యాయి. మేము తెప్పించుకున్న భజియాలు చల్లారిపోయాయి. దిగాక కాకా దగ్గరికి జరిగి, ఇలాంటిది కారులో బిగించడం కుదురుతుందా అని గొంతు తగ్గించి అడిగారు.

మా ఆయన అది చూసి నవ్వాడు. నవ్వుతూనే జేబులోంచి పాత లారీ తాళం తీసి కాకా చేతిలో పెట్టాడు. నీ బండిని లాక్కుపోవడానికి ఒక బండి కావాలి కదా, ఇది నువ్వే ఉంచుకో అన్నాడు. ఆ లారీని తనకమ్మమని ఎన్నేళ్లుగానో అడుగుతుంటే, తనకు ఒక్క మాటైనా చెప్పలేదని ఇంజనీరు గారు చిన్నబుచ్చుకున్నారు. కాకా తాళాన్ని కళ్లకద్దుకున్నాడు. నేనైతే ఆ లారీని వదిలించడానికి ఇంకో పదేళ్లయినా కొట్లాడాలని సిద్ధపడి ఉన్నదాన్ని.

ఎండ తగ్గాక తిరుగుదారి పట్టాం. కొంతదూరం వెళ్లాక అడిగాను.

"అంత పానం వెట్టుకున్న బండిని గట్ల ఎట్ల ఇచ్చినవయ్యా?"

ఆయన ముందున్న ఆటోను దాటాడు.

"మిల్లు బందున్నదని ఇంటికి మర్రొచ్చిన సోమారం యాదికున్నదా? మిల్లు బంద్ లేకుండె. బండెక్కి క్లచ్చు తొక్కిన, కాలుల బలం లేక దిగలే. రెండు చేతులతోని మోకాలు ఒత్తిన. అయినా దిగలే. జర సేపు అట్లనే కూసున్న. మల్ల దిగొచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఈ బండి గూడ కొననిస్తుంటివా? ఇంట్ల కూసో అంటుంటివి."

నాకు ఏడుపొచ్చింది. రెండు నెలలు పోరి నేనే ఒప్పించానని ఊరంతా చెప్పుకున్నాను. ఆయన ఆ సీట్లో ఒక్కడే కూర్చుని ఉన్న ఆ పొద్దున, నేను ఇంట్లో అటుకుల ఉప్మా చల్లారిపోయిందని అరుస్తూ ఉన్నాను. కాదని చెబుదామని ఆయనవైపు తిరిగాను. ఎంత వెతికినా అబద్ధం దొరకలేదు.

"అంటుంటి," అన్నాను.