ఇంటాయన కొట్టాల్సిన గుమ్మడికాయ

మా తార్నాక బస్తీలో సోమమ్మ ఇంటి గుమ్మడితీగకు మొదటి కాయ దిగే రోజు చూడాలి. ఆడది మొదటి కాయకు కత్తి పెట్టకూడదని, ఇంటి మగవాడే కొట్టాలని మావాళ్ల పట్టింపు. సోమమ్మ మాత్రం మొగుడు పక్కన నిలబడి ఉండగానే వాకిట్లో కూర్చుని ఒక్క వేటుతో కాయను రెండు చేస్తుంది. ఎవరైనా గొణిగితే నేనున్నాను. పక్కింటిదాన్ని, నా నోటికి బస్తీ అంతా జడుస్తుంది. అసలు ఆమె ఎందుకలా చేస్తుందో తెలిసినవాళ్లు ఎవరూ గొణగరు.

అరవై తొమ్మిదిలో ఆమె మొగుడు బిక్షపతి యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంటవాడు. సోమమ్మ అదే క్యాంపస్‌లో గదులు ఊడ్చేది. ఒక్కతే కూతురు, బాలమణి, ఐదేళ్లది. ఇంట్లో అత్త లచ్చమ్మ. ఆ ఏడు తెలంగాణ గొడవలు ముదిరాయి. ఉల్లిగడ్డల కోసం గేటు దాటిన బిక్షపతిని పోలీసులు హాస్టల్ పిల్లలతో పాటు లారీ ఎక్కించుకుపోయారు. ఏ జైల్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో చెప్పే నాథుడు లేడు. ఆ తరువాత హాస్టళ్లు మూతపడ్డాయి, సోమమ్మ పనీ పోయింది.

ఇంట్లో గంజి, కారం మెతుకులే. పొద్దు గూకితే చాలు, బాలమణి గుంజకు గుద్దుకునేది, ముందున్న కంచాన్ని తడుముకునేది. ఆట మరిగి వేషాలేస్తోందని సోమమ్మ రెండు తగిలించింది కూడా. బస్తీ పిల్లల్ని చూడటానికి హబ్సిగూడ నుంచి వచ్చే డాక్టరమ్మ విశాలాక్షి పిల్ల కనురెప్పలు ఎత్తి చూసింది.

"రేచీకటమ్మా ఇది. సరైన తిండి లేక వచ్చింది. మందు అయిపోయింది, మళ్లీ తెస్తాను. అయినా మీ కప్పు మీద మందు పండి ఉందిగా! ఆ ఎర్ర గుమ్మడికాయ కోసి, కాస్త నూనె వేసి మెత్తగా వండి రోజూ పెట్టు. ఆలస్యం చేస్తే కన్ను తెల్లబడిపోతుంది. అప్పుడు ఎవరం ఏమీ చెయ్యలేం."

మందు తెస్తానన్న మనిషి మళ్లీ రాలేదు. ఆమెది కోస్తా; గొడవల్లో కోస్తావాళ్ల రిక్షాలు ఆపుతున్నారని భయపడిందట. ఆమెను ఏమనగలం? ఆ రోజుల్లో మేమే గడప దాటడానికి వణికేవాళ్లం.

సోమమ్మ కాయ దించి కత్తి పట్టుకోగానే లచ్చమ్మ అడ్డం పడింది.

"ఆగు! మొదటి కాయ. నా కొడుకు కొట్టాలె. నువ్వు కత్తి పెడితే ఇంటికి మగదిక్కు లేదన్నట్టే గద. నా కొడుకు సచ్చిండనుకున్నవా?"

"మా ఆయన వచ్చి కొడ్తడు తియ్యి, పిల్లకు వండిపెట్టుండ్రి" అన్నాను.

"నీ మొగడు కొడితే నా కొడుకుకు నూకలు చెల్లినట్టేనే!" అని ముసలిది నా మీదికి లేచింది. నేనూ ఊరుకోలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను. సోమమ్మే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అత్త కోసం కాదక్కా. నాకే చెయ్యి లేస్తలేదు. నేను కొట్టిన్నంటే ఆయన లేడని నేనే ఒప్పుకున్నట్టయితది."

"పిల్ల కండ్లు పోతయే, పిచ్చిదానా!"

"రేపో మాపో వస్తడక్కా."

కాయకు పసుపు రాసి దేవుడి గూటి కింద పెట్టింది. పొద్దున్నే దాన్ని ముట్టుకుని మొగుడి పేరు తలుచుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది, ఏడుపూ వచ్చేది. అంతలో పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. మనిషి పుల్లలా అయింది. కళ్లలో తడి ఆరిపోయి, వెలుతురు పడితే రెప్పలు గట్టిగా మూసుకునేది. తరువాత మూసుకోవడం మానేసింది. గుణం కనిపిస్తోందని సోమమ్మ సంబరపడింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం బిక్షపతి వచ్చాడు. గడ్డం పెరిగి, సగం మనిషై వచ్చాడు. లచ్చమ్మ ఏడుస్తూ, నవ్వుతూ గుమ్మడికాయా కత్తీ తెచ్చి కొడుకు ముందు పెట్టింది. అతడు ఒక్క దెబ్బ వేశాడు. లోపల కండ పసుపుపచ్చగా, పండి ఉంది. "బిడ్డా, దా" అని చేతులు చాచాడు.

తలుపు బార్లా తీసి ఉంది. ఎండ బాలమణి కాళ్ల మీద పడుతోంది. గొంతు వినిపించిన వైపు మొహం తిప్పి నవ్వింది.

"అమ్మా, నాయిన ఒచ్చిండు. దీపం ముట్టియ్యవే, సూస్త."

సోమమ్మే లేచి పొయ్యి రాజేసింది. నూనె కోసం మా ఇంటికొచ్చి గిన్నె చాచింది, నా మొహం చూడలేదు. కూర ఉడికాక పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపించింది.

"ఇప్పుడు కానొస్తున్నదా బిడ్డా?" అని ముద్దముద్దకూ అడిగింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా అడుగుతూనే ఉంది.