నాలుగు కాళ్లకు రెండు గుంటలు

పోయిన వారం మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్తుంటే, రోడ్డు వెడల్పు చేస్తున్న చోట బండ్లన్నీ ఆగిపోయాయి. పక్కనున్న గట్టును యంత్రం నిలువునా కోసింది. పైన నల్లమట్టి, దాని కింద ఉల్లిపొరల్లా విడిపోతున్న నల్లరాయి, అడుగున ఎర్రటి గట్టిరాయి. వెనక కారతను హారన్ కొడుతూనే ఉన్నాడు. నాకు మా చిన్నాయన గుర్తొచ్చాడు. ఆయనే ఆ రోజు నా వెంట ఉంటే కారు దిగి ఆ గట్టెక్కేవాడు, పోలీసులు వచ్చి దించేదాకా దిగేవాడు కాదు.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. మాది చేవెళ్ల దగ్గర ఊరు. అన్నదమ్ములు ముగ్గురిలో పెదబాపుది రాజకీయం, మా నాన్నది సేద్యం, చిన్నాయనది సర్కారు ఇంజనీరు కొలువు. కల్వర్టులు, బడి గదులు, నీళ్ల ట్యాంకులు కట్టించేవాడు. ఇస్త్రీ చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఒకటి రాయడానికి, ఒకటి సంతకానికి. ఆ రెండోది ఎవరడిగినా ఇచ్చేవాడు కాదు. తాళి కట్టేటప్పుడు కూడా ఆయన చూపు పందిరి గుంజలు సరిగ్గా పాతారా లేదా అన్నదాని మీదే ఉందని మా చిన్నమ్మ ఇప్పటికీ అంటుంది.

పెదబాపు సర్పంచుగా ఉన్నప్పుడు ఊరికి మంచినీళ్ల ట్యాంకు మంజూరైంది. పని చూసే ఇంజనీరు చిన్నాయనే. మేస్త్రీ మా ఊరివాడే, చర్చి పక్కన ఉండే ఒక అవ్వ కొడుకు. ఆ అవ్వ, ఆమె పెనిమిటి తమ కాలంలో చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో బావులు తవ్వారు. ఆయన గడ్డపారతో తవ్వితే ఆమె గంపలతో మట్టి మోసేది. కొడుక్కు సద్ది తెచ్చిన రోజు, పునాది కోసం ముగ్గు పోసిన స్థలం చూసి ఆమె చిన్నాయనతో అన్నది, "సారూ, ఈ మూలకు రేగడి మస్తు లోతున్నది. ఆ మూలకు మోకాలి లోతులనే రాయి తగులుతది. నాలుగు కాళ్లు ఒక్కతీరుగ నిలబడయి."

"పరీక్ష చేసినం అవ్వా, ఫికర్ చెయ్యకు" అన్నాడు చిన్నాయన.

పరీక్ష చేసిన మాట నిజమే. కాకపోతే రెండే గుంటలు తవ్వించి చూశాడు. రెండూ రాయి ఉన్న వైపే పడ్డాయి. ఎన్నికల లోపల ట్యాంకు లేవాలని పెదబాపు రోజూ తొందర పెడుతున్నాడు. చిన్నాయన సంతకం పెట్టేశాడు.

రెండో వానాకాలానికి ట్యాంకు ఒక పక్కకు ఒరిగింది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. దాని మీద నిలిచిన రెండు కాళ్లకు చెయ్యి దూరేంత పగుళ్లు వచ్చాయి. నీళ్లన్నీ వదిలేసి కింద మనుషులు తిరగకుండా కంప కొట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టం. విచారణకు ఆఫీసర్లు వస్తున్నారని తెలిసిన పొద్దున పెదబాపు తమ్ముణ్ణి వాకిట్లో కూర్చోబెట్టుకున్నాడు. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. గోడవతల కూర్చొని అంతా విన్నాను.

"మేస్త్రీ సిమెంటు తక్కువేసిండని రాయి. ముచ్చట ఒడుస్తది. ఊర్ల నా మొకం, ఆఫీసుల నీ మొకం నిలుస్తయి."

"ఆయన పని మంచిగనే చేసిండన్నా" అన్నాడు చిన్నాయన. "నాలుగు కాళ్లకు రెండు గుంటలే చూసి సంతకం పెట్టింది నేను."

కాయితంలో కూడా అదే రాశాడు. ఆయన్ను సస్పెండ్ చేశారు. పెదబాపు ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు. తర్వాత చాలా ఏళ్లు ఒకే ఇంటి పెళ్లిళ్లలో ఇద్దరూ చెరో వరుసలో కూర్చొని తిన్నారు.

కొలువు లేని ఆ నెలల్లో చిన్నాయన అవ్వ ఇంటికి వెళ్లి, నీకెట్ల తెలిసిందని అడిగాడు. "మోసిన నెత్తికి తెల్వదా సారూ?" అని నవ్విందట. చేతికర్ర పట్టుకొని, తాము తవ్విన పాత బావులన్నీ తిప్పి చూపించింది. ఒక ఎండిన బావిలో రెండు నల్లరాతి పొరల నడుమ తెల్లటి మట్టిపొర, అందులో రాయిగా మారిన గోరంతేసి నత్తలు. ఎప్పుడో పడమటి నుంచి పారివచ్చిన లావా ఇక్కడ చల్లారిందనీ, ఆ పైన ఒక చెరువు వెలిసిందనీ, మళ్లీ లావా వచ్చి దాన్ని కప్పేసిందనీ ఆయనకు పుస్తకాలు చదివాక తెలిసింది. ఆ రోజు మాత్రం నత్తను అరచేతిలో పెట్టుకొని ఇంటికి వచ్చి అన్నం తినడం మరిచిపోయాడు.

కొలువు తిరిగి వచ్చింది గానీ ఆయన మనసు తిరిగి రాలేదు. నలభై దాటాక రాజీనామా చేసి, హైదరాబాద్‌లో తనకంటే సగం వయసు పిల్లల పక్కన కూర్చొని భూగర్భశాస్త్రం చదివాడు. పట్నంలో ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపింది చిన్నమ్మ. ఇంటినిండా చీటీలు అంటించిన రాళ్లే. ఒకసారి రెండు రోజులు వెతికిన రాయి చివరికి ఆవకాయ జాడీ మూత మీద బరువుగా దొరికింది. "గిన్ని రాళ్లల్ల ఒక్కటన్న పనికొచ్చింది" అన్నది చిన్నమ్మ.

చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ నల్లరాయి ఎక్కడ ఆగిపోతుందో పొలం పొలం తిరిగి గీత గీయడమే ఆయన పరిశోధన. పట్టా వచ్చింది, పుస్తకం అచ్చయింది. కొన్నేళ్లకు ఆ దారిలోనే ఉన్న కనకమామిడి ఊళ్లో ఒక రైతు బోరు వేస్తే, ఆయన గీతకు అవతలి వైపున నల్లరాతి పొడి వచ్చింది. చిన్నాయన ఆ పొడిని సంచిలో కట్టుకొని వెళ్లి, తన గీత తప్పని తానే వ్యాసం రాసి పంపాడు.

"మళ్ల తప్పేనా?" అన్నది చిన్నమ్మ.

"తప్పే. కానీ ఈసారి ఎవ్వరి మీద పడలే" అన్నాడు.

పుస్తకం అచ్చయిన కొత్తలో ఒక ప్రతి తీసుకొని అవ్వ దగ్గరికి వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్లాడు. ఆమెకు అప్పటికే చూపు తగ్గింది. పుస్తకాన్ని చేత్తో తడిమి, "ఇండ్ల నా కొడుకు పేరు గిట్ల ఉన్నదా సారూ?" అని అడిగింది.

"లేదవ్వా. నీ పేరున్నది."

"నాదుంటె ఉండనీ. వాని పేరు ఏ కాయితంల లేకుంట చేసినవు, అది సాలు" అన్నది.

చిన్నాయన తల వంచుకొని, కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. లావా ఎన్ని కోట్ల ఏళ్ల కింద చల్లారిందో ఆయన తడుముకోకుండా చెప్పగలడు. కానీ ఒక పొద్దున తొందరలో పెట్టిన సంతకం మనిషి లోపల చల్లారడానికి ఎంత కాలం పడుతుందో మాత్రం, డెబ్బై దాటిన ఈ వయసులో కూడా, ఆయన ఎప్పుడూ లెక్క చెప్పలేదు.