గాడిద అరిచిన లెక్కల క్లాసు

కార్వేటినగరం దగ్గర ఒక బడిలో నేను లెక్కల టీచర్‌ని. ఒకసారి భిన్నాలు నేర్పే కంప్యూటర్ ఆట ఇచ్చి, పిల్లలకు పనికొస్తుందో లేదో చూసి చెప్పమన్నారు. జవాబు తప్పితే అందులో గాడిద ఓండ్రపెడుతుంది.

ఆట చూడటానికి చిత్తూరు నుంచి వచ్చిన అధికారి స్వయంగా ఒక జవాబు నొక్కారు. గది అదిరేలా గాడిద అరిచింది. పిల్లలు నవ్వు ఆపుకోలేక తలలు వంచేశారు.

ఆయన ముఖం కందిపోయింది. “ఈ గాడిదను తీసేయమని రాయండమ్మా” అన్నారు.

ముందు బెంచీలోంచి కోమల లేచింది. “వద్దు సార్. నిన్న మా టీచర్‌కు గూడా అరిసింది. అప్పట్నించి మాకు తప్పుతాదని బయం లేదు.”

నేను తలెత్తలేకపోయాను. అధికారి మాత్రం పెద్దగా నవ్వేసి, “అయితే ఉండనీండమ్మా” అన్నారు.

నేనెంత బుజ్జగించినా పోని లెక్కల భయం, నా పరువుతో పాటు ఒక్క అరుపుతో పోయింది.