రామ్‌కిషన్ నాలుగు పొడుల గ్లాసు

జహీరాబాద్‌లో పాతికేళ్లుగా విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నాను. రైతు మొహం చూసి ఏ తెగులు గురించి అడగబోతున్నాడో చెప్పేయగలనని నాకు కొంచెం గర్వం. రామ్‌కిషన్ విషయంలో ఆ గర్వం పనికిరాలేదు.

అతనిది న్యాల్‌కల్ దగ్గర పల్లె. రెండెకరాల అల్లం తోట. ఏ వారం ఏ మందు కొట్టాలో కాగితం మీద రాసి గోడకు అంటించుకునే మనిషి. కూలీలు దొరకరని మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపి ఒక్కసారే కొట్టేస్తాడు. మా వైపు అందరూ చేసేదే ఇది. నేర్పింది మా దుకాణాల వాళ్లమే, దాచడమెందుకు.

కిందటేడు దుంపకుళ్లు వచ్చి అతని అల్లం సగానికి పైగా పోయింది. పంట పోవడం అతనికి కొత్త కాదు. కానీ ఈసారి విత్తనం ఎంచడానికి కూడా మంచం దిగలేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది. అతని భార్య భాగీరథే కూలీలను పెట్టి ఒక ఎకరం నాటించింది. ఊళ్లో వాళ్లు బద్ధకం అన్నారు. బద్ధకస్తుల్ని నేను రోజూ చూస్తాను, నాకు తేడా తెలుసు.

ఒకరోజు భాగీరథి సంచిలోంచి పురుగుమందు డబ్బాలు తీసి నా బల్ల మీద పెట్టింది. ఒక్కదానికీ మూత తీయలేదు.

"ఇవి వాపస్ తీస్కో అన్నా."

"ఏమైంది చెల్లే, మందు మంచిగ లేదా?"

"మందు మంచిగనే ఉంది. మీ బావనే మంచిగ లేడు."

మూత తీసినవి ఇంటి వెనుక గదిలో పెట్టి కొత్త తాళం వేసిందట. తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు భయమేసింది. జహీరాబాద్‌కు వారానికోసారి వచ్చే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకుపొమ్మన్నాను.

డాక్టరు అది డిప్రెషన్ అనే జబ్బని చెప్పి గోలీలు రాశాడు. పని చేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుందన్నాడు. రామ్‌కిషన్‌కు పదో రోజుకే ఓపిక అయిపోయింది. ఫోన్‌లో వీడియోలు చూసి అశ్వగంధ, బ్రాహ్మి, పసుపు, అవిసెల పొడులు తెప్పించాడు. గోడ మీద అల్లం కాగితం పక్కన ఇంకో కాగితం వెలిసింది. నాలుగు పొడులూ ఒకే గ్లాసులో కలిపి, తెగులు ముదిరిందని మోతాదు రెట్టింపు చేసి, పైనుంచి గోలీలు కూడా మింగేవాడు.

కడుపు పాడైంది. పగలంతా తూగేవాడు. ఒక పూట పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయి కాలువలోకి జారి మోచెయ్యి చీరుకున్నాడు. తప్పంతా గోలీలదేనని తేల్చి వాటిని మానేశాడు. పొడులు మాత్రం ఉంచుకున్నాడు. పదిహేను రోజుల్లో మళ్లీ మంచమెక్కాడు. "నేను లేకుంటనే మీకు మంచిగుంటది" అని ఒకటే మాట. భాగీరథి అతన్ని బస్సెక్కించి మళ్లీ డాక్టరు దగ్గరకు తెచ్చింది. నేనూ దుకాణం మూసి వెంట వెళ్లాను.

"గోలీలు కాకుండ ఇంకేమన్న తింటున్నవా?" అని డాక్టరు అడిగాడు.

"ఏం లేదు సార్."

భాగీరథి నాలుగు పొడుల డబ్బాలూ బల్ల మీద పేర్చింది. డాక్టరు తిట్టలేదు. "నాలుగు మందులు కలిపి కొట్టినవు, ఆకు మాడింది. ఏ మందుకు మాడింది?" అన్నాడు.

రామ్‌కిషన్ డబ్బాల వంక చూశాడు. "ఎట్ల చెప్పొస్తది సార్."

"నాకు గూడ గంతే."

ఆకులూ వేర్లూ అయినా ఒంట్లో పనిచేసేవేనని, గోలీలతో కలిస్తే తేడా చేయొచ్చని చెప్పి పొడులన్నీ ఆపించాడు. పసుపు, అవిసెలు ఎప్పటిలా కూరల్లో తింటే చాలన్నాడు. గోలీలు తనంతట తాను మానకూడదు. రోజూ పొద్దున అరగంట నడక, ఒకే వేళకు పడక, కనీసం ఒక మనిషితో మాట. తర్వాత, చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడిగాడు. రామ్‌కిషన్ నేల చూస్తూ అవునన్నట్టు తలూపాడు. భాగీరథి అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇద్దరినీ వారం వారం రమ్మన్నాడు.

నడకకు పక్క పొలం మహాదేవప్ప తోడయ్యాడు. సగం కన్నడం, సగం తెలుగు కలిపి ఆపకుండా మాట్లాడే మనిషి. ఎదుటివాడు నోరు తెరవాల్సిన పనే ఉండదు. మొదటి నెల రామ్‌కిషన్‌కు అదే కలిసొచ్చింది. తర్వాత తర్వాత రామ్‌కిషనే మధ్యలో అడ్డు తగలడం మొదలుపెట్టాడట.

మూడో నెలలో భార్యాభర్తలిద్దరూ నా దుకాణానికి వచ్చారు. అల్లం కాండాన్ని పురుగు తొలుస్తోందని రామ్‌కిషనే చెప్పాడు. మొహం కొంచెం తేరుకుంది, పూర్తిగా కాదు. నేను భాగీరథి వైపు చూశాను. ఆమె కొంగు ముడి విప్పింది.

"పాత మందు గదిలనే ఉంది. తీస్కో," అని తాళంచెవి చాపింది.

అతను దాన్ని చూశాడు. చెయ్యి చాపలేదు.

"ఇంక కొన్ని దినాలు నీ దగ్గరనే ఉండనీ. కొట్టే పొద్దుకు నువ్వే తీసియ్యి."

తాళం ఎందుకు వేసిందో ఇన్నాళ్లూ అతనికి తెలుసన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. తాళంచెవిని మళ్లీ కొంగుకు ముడేసుకుంది.