పట్టుపురుగుకు మూడో జ్వరం

కిందటి వర్షాకాలంలో ఒక ఉదయం పుంగనూరు దగ్గరి షెడ్డు నుంచి సల్మా ఫోన్ చేసింది. పట్టుపురుగుల పెంపకం ఆమెకు కొత్త. అది మొదటి పంట.

"అన్నా, పురుగులన్నీ తలకాయలెత్తి కదలకుండా ఉండాయి. ఆకు ముట్టల్యా. ఫోటో తీస్తే జబ్బని ఎర్రగా వస్తాండాది. తీసి పూడ్చమంటాండాది. మా ఆయన గుంత తవ్వతాండాడు!"

"ముందు ఆ గుంత ఆపమనమ్మా. ఫోటో నాకు పంపు," అన్నాను.

ఫోటో చూసి పురుగుల ఆరోగ్యం చెప్పే ఆ ప్రోగ్రాం ఓపెన్ సోర్స్‌ది. అంటే దాని కోడ్ ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. పత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాక, మదనపల్లెలో ఇంటి నుంచే దాని తెలుగు మాటలు సరిచూసే పనిలో చేరాను. వాడి చూడమని సల్మాకు చెప్పింది నేనే.

ఫోటోలో పురుగులు పాలిపోయి మెరుస్తున్నాయి. పట్టుగూళ్ల మార్కెట్ వార్తలు రాసే రోజుల్లో ఈ దృశ్యం చాలా షెడ్లలో చూశాను. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు పాత చర్మం విడుస్తుంది. ఆ సమయంలో మేత మాని, కదలకుండా ఉంటుంది. దాన్నే రైతులు జ్వరం అంటారు.

"ఏమీ కాలేదు సల్మా. మూడో జ్వరానికి కూర్చున్నాయి."

"జ్వరమంటే జబ్బే కదన్నా? ఫోనూ అదే కదా సెప్పింది!"

"నువ్వూ ఆ ఫోనూ ఒకే బళ్లో చదివినట్టుండారు."

"ఎగతాళి సేయద్దన్నా. ఈ పంట పోతే షెడ్డు పీకేసి మళ్లా మిషను ముందర కూసోమంటాది మా అత్త. నాకు కుట్టుపని వద్దు."

అప్పుడు నవ్వు ఆపాను. ఆకు వేయవద్దనీ, సున్నం పొడి పలచగా చల్లి, అన్నీ లేచేదాకా ముట్టుకోవద్దనీ చెప్పాను. "నీ మాట మీద ఆగుతాండాను," అంది. ఆ మాట బరువు ఆ రోజంతా నాతోనే ఉంది.

కుప్పంలో కంప్యూటర్ పాఠాలు చెప్పే హరిణి ఈ ప్రోగ్రాంకు కోడ్ రాస్తుంది. సంగతి విని ఆమె, ప్రోగ్రాం జబ్బుల్ని గుర్తుపట్టడం నేర్చుకున్న పాత ఫోటోలన్నీ తిరగేసింది.

"రైతులు ఫోటోల కింద జ్వరం అని రాసుండారు సార్. మన అనువాదం మిషను దాన్ని ఫీవర్ చేసింది. అవన్నీ జబ్బు కింద చేరినాయి. బాగుండే పురుగులకు ఆస్పత్రి చీటీ రాసిచ్చినామన్న మాట!"

ఇద్దరం కలిసి జ్వరాన్ని జబ్బు నుంచి వేరుచేసి పుల్ రిక్వెస్ట్ పెట్టాం. దిద్దుబాటు ఇదీ, కలుపుకోండి అని ప్రాజెక్టును అడగడమే పుల్ రిక్వెస్ట్. ఎక్కడో యూరప్‌లో ఉండే నిర్వాహకురాలు ఒక్కటే అడిగింది: ఆరోగ్యంగా ఉన్న పురుగుకు జ్వరమని ఎందుకంటారు?

"తిండి మానుతుంది, పడి ఉంటుంది, లేచాక ఆకలంటుంది. ఇంట్లో పిల్లలు ఇలా చేస్తే మేం జ్వరమనే అంటాం," అని రాశాను. నవ్వు బొమ్మ ఒకటి పెట్టి దిద్దుబాటు కలుపుకుంది.

మర్నాడు సల్మా గొంతు మారిపోయింది. "లేసినాయన్నా! ఎంత ఆకేసినా సాలడం ల్యా. గుంత పూడ్సమంటే మా ఆయన, తవ్వింది తవ్వినాను, కొబ్బరి సెట్టన్నా పెడదామంటాండాడు."

ఆ పంటకు గూళ్లు బాగా వచ్చాయి. షెడ్డు నిలబడింది.

డెస్కులో ఊరి మాట వస్తే పుస్తకాల మాటగా మార్చి అచ్చుకు పంపేవాళ్లం. దిద్దేముందు ఆ మాట ఏ పనిలో పుట్టిందో అడగాలని ఈ వయసులో ఒక పురుగు దగ్గర నేర్చుకున్నాను.

రెండో పంట మొదలుపెట్టేటప్పుడు సల్మా అడిగింది: "జ్వరంలో ఉండేటప్పుడే నిజంగా జబ్బు సేస్తే, అప్పుడేమంటాది అన్నా ఫోను?"

జ్వరమనే అంటుంది. అలాంటి పురుగు ఫోటో ప్రాజెక్టులో ఒక్కటీ లేదు. జ్వరంలో ఉన్న పురుగుల్ని కదిలించకూడదని రైతులు పైనుంచి ఒక ఫోటో తీసుకుంటారే గానీ, తట్టలో చెయ్యి పెట్టి జబ్బుదేదో వెతకరు. సల్మా ప్రశ్నను హరిణి ప్రాజెక్టులో ఇష్యూగా, అంటే ఇంకా తేలాల్సిన సమస్యగా, నమోదు చేసింది. అది ఇంకా తెరిచే ఉంది.